7జె (రిమ్ము వెడల్పు 7 ఇంచులు) అలాయ్ చక్రాలకు ఏ వెడల్పు టైరు వేయాలి?

అన్నలూ, మాది అనంతపురం. 2014 స్విఫ్ట్ వీఎక్స్ఐ. కంపెనీ నుంచి వచ్చినవి ఇనుప రిమ్ములు, టైరు 165/80 ఆర్14 (అంటే వెడల్పు 165 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, రిమ్ము 14 ఇంచులు). మా బామ్మర్ది తన పాత కారు అమ్ముతూ అందులోని 15 ఇంచుల అలాయ్‌లు నాకు అంటగట్టాడు. పీసీడీ (బోల్టు రంధ్రాల అమరిక) రెండింటికీ 4x100, అంటే 100 మిల్లీమీటర్ల వలయం మీద నాలుగు రంధ్రాలు, కాబట్టి బోల్టులు కుదిరాయి. ఇంటికొచ్చాక వెనక చూస్తే 15x7జె, ఈటీ 38 (ఆఫ్‌సెట్, అంటే బిగించే ముఖం రిమ్ము మధ్య గీత నుంచి 38 మిల్లీమీటర్లు బయటికి) అని పోత ఉంది. అసలు చిక్కు అక్కడే.

ఒక టైర్ల షాపాయన 185/65 ఆర్15 వేసుకో, కొంచెం సాగదీసి ఎక్కిస్తానన్నాడు. నేను చూసిన పట్టికలో ఆ సైజుకు రిమ్ము 6.5 దాటకూడదని ఉంది. ఇంకొకాయన 205/65 అంటాడు. లెక్కేస్తే పాత చక్రం ఎత్తు సుమారు 620 మిల్లీమీటర్లు, ఇది 647. స్పీడోమీటరు తక్కువ చూపిస్తుంది, టైరు ఫెండరు (చక్రం పైనుండే రేకు) లోపల రాసుకుంటుందేమో కూడా. 195/60 అయితే 615 వస్తుంది, 7జె దానికి ఆఖరి హద్దు. 205/60 అయితే 627.

నెలకు రెండుసార్లు బెంగళూరు హైవే, మిగతా రోజులు తాడిపత్రి వైపు గుంతలు. పక్కగోడ మరీ పలచనైతే రిమ్ము అంచు దెబ్బతింటుందని భయం. మా ఎండల సంగతి చెప్పనక్కర్లేదు.

195/60, 205/60లలో ఏది మేలు? నలుగురు కూర్చుంటే వెనక ఫెండరుకు తగులుతుందా? ఇదే కారుకు 7జె వేసినోళ్లుంటే చెప్పండన్నా. "ఏం కాదులే బావా, ఎక్కించెయ్" అనేవాడు ఇంట్లోనే ఒకడున్నాడు, ఆ సలహా మాత్రం వద్దు.