విసుగు పుడుతున్నా వేలు ఎందుకు ఆగదు?

ప్రశ్న (కర్నూలు నుండి)

నేను కర్నూలులో ఒక జూనియర్ కళాశాలలో భౌతికశాస్త్రం బోధిస్తాను. రాత్రిపూట జవాబు పత్రాలు దిద్దుతూ, నాలుగైదు పూర్తి కాగానే ఇన్‌స్టాగ్రామ్ తెరవడం నాకు అలవాటైపోయింది. అందులో చూసేవి చాలావరకు నాకు విసుగే తెప్పిస్తాయి. విసుగు పుడుతోందని తెలిసి కూడా వేలు తెరను పైకి జరుపుతూనే ఉంటుంది. ఇంట్లోవాళ్లు దీనిని మనోనిబ్బరం లేకపోవడమని తేల్చేశారు. మనస్తత్వశాస్త్రం చెప్పే కారణమేమిటో తెలిసినవారు వివరించగలరు. చిట్కాలు మాత్రం వద్దు, అవి యూట్యూబులో కావలసినన్ని ఉన్నాయి.

జవాబు 1 (అనంతపురం నుండి)

సార్, ఇష్టపడడం, కోరుకోవడం ఒకటేనని మనం అనుకుంటాం. మెదడులో ఆ రెండింటినీ నడిపించే వ్యవస్థలు చాలావరకు వేరని మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన నాడీశాస్త్రవేత్త కెంట్ బెరిడ్జ్ ఎలుకలపై చేసిన ప్రయోగాలు తెలిపాయి. కోరికను నడిపించే మెదడు రసాయనమైన డోపమైన్‌ను దాదాపు పూర్తిగా తొలగించిన ఎలుకలు ఆహారం కోసం తమంతట తాము కదలలేదు గాని, నోట్లో తీపి చుక్క వేస్తే ఎప్పటిలాగే ఆస్వాదించాయి. రెండూ వేరు కాబట్టి ఆస్వాదన అడుగంటిన తరువాత కూడా కోరిక మిగిలి ఉండడంలో వింతేమీ లేదు.

ఇక ఆ కోరికను నిలిపి ఉంచేది అనిశ్చితి. ఎన్నిసార్లు పొడిస్తే గింజ రాలుతుందో తెలియని పావురం, లెక్క తెలిసిన పావురం కంటే విడవకుండా పొడుస్తుందని ఫెర్‌స్టర్, స్కిన్నర్ అనే మనస్తత్వవేత్తలు 1957లో ప్రచురించిన గ్రంథంలో విస్తారంగా నమోదు చేశారు. మన దగ్గర దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, వజ్రకరూరు పొలాల్లో తలలు వంచుకుని వజ్రాలు వెదికేవారిని చూడండి. ఎక్కడో ఒకరికి దొరికిందన్న వార్త చాలు, రోజంతా రాళ్లు తప్ప ఏమీ దొరకనివారు కూడా మరునాడు మళ్లీ వస్తారు. మీకు అప్పుడప్పుడు ఎదురయ్యే ఒక మంచి వీడియో చేసే పని కూడా అదే.

జవాబు 2 (ప్రొద్దుటూరు నుండి)

పోలిక బాగుంది గాని, అది ఒకచోట తెగుతుంది. వజ్రాల వేటకు పొద్దు గూకడమనే హద్దు ఉంది. విత్తనం పడ్డాక రైతు పొలంలోకి రానివ్వడు. తెరకు అటువంటి హద్దు లేదు. పుట చివరికి చేరి 'తరువాతి పుట' నొక్కవలసి వచ్చిన రోజుల్లో, ఇక చాలా అని ఆలోచించుకునే క్షణం ఒకటి దక్కేది. 2006లో సాఫ్ట్‌వేర్ రూపకర్త ఏజా రాస్కిన్ రూపొందించిన అంతులేని స్క్రోలింగ్ ఆ క్షణాన్ని తీసివేసింది. ఆయనే తరువాత దానికి బహిరంగంగా పశ్చాత్తాపపడ్డారు. దీన్నంతా మనోనిబ్బరం ఖాతాలో వేయడం అన్యాయమని నా అభిప్రాయం.

మరొకటి, దీనిని వెంటనే వ్యసనం అనకండి. 2022లో అమలులోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల వర్గీకరణలో గేమింగ్ రుగ్మతకు చోటుంది గాని, సామాజిక మాధ్యమాల వాడకానికి విడిగా అటువంటి గుర్తింపు లేదు. నిద్ర, ఉద్యోగం దెబ్బతినే స్థితి వస్తే అది వేరే మాట. అప్పుడు ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416కు ఫోన్ చేయవచ్చు, బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఇందుకోసమే ఒక ప్రత్యేక క్లినిక్ కూడా ఉంది. మీ విషయంలో నాకు అనుమానమంతా ఆ జవాబు పత్రాల మీదే. ఒకే తప్పును ముప్ఫైసార్లు దిద్దే విసుగు నుండి క్షణకాలం తప్పించుకోవడమే మీకు దక్కుతున్న ప్రతిఫలం కావచ్చు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. అలాగైతే 2020 జూన్‌లో టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు దానికి అలవాటుపడిన మా విద్యార్థులకు ఆ కోరిక తగ్గి ఉండాలి కదా?

జవాబు 1 (అనంతపురం నుండి)

తగ్గే వ్యవధి దక్కలేదు సార్. ఆ మరుసటి నెలలోనే మన దేశంలో ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మొదలైంది, సెప్టెంబరులో యూట్యూబ్ షార్ట్స్ వచ్చింది. పైగా అలవాటును తట్టిలేపేవి యాప్ పేరుతో పోయేవి కావు: ఖాళీ క్షణం, చేతికందే ఫోన్, చదవబుద్ధి కాని పాఠం. ప్రొద్దుటూరు వారు మీ పత్రాల కట్ట గురించి అన్నది అందుకే నాకూ సబబనిపిస్తోంది. దిద్దే పని లేని సెలవు రోజుల్లో కూడా మీ చేయి అంత తరచుగా ఫోన్ మీదికి పోతుందా?