తెలుగు పుస్తకాల ఎడిటింగ్: మీరు ఏ దారిలో వచ్చారు, ఇంకా ఏం నేర్చుకుంటున్నారు?

చిక్కడపల్లి పాఠకురాలు:
బీఎస్సీ చదివాను. ఒక పాఠ్యపుస్తకాల సంస్థలో కొన్నేళ్లుగా జీవశాస్త్రం ప్రూఫులు దిద్దుతున్నాను. ఇక సొంతంగా ఎడిటింగ్ చేద్దామని ఉంది. తెలుగు ఎం.ఏ. లేకుండా ఈ పనిలో నిలదొక్కుకున్నవాళ్లు ఉన్నారా?

నల్లకుంట వాసి:
ఉన్నామమ్మా. నాది బీకాం. పత్రిక డెస్కులో చాలాకాలం చేసి బయటికొచ్చాను. వేగం, వాస్తవాలు సరిచూసే అలవాటు అక్కడే వచ్చాయి. పుస్తకానికి అవి చాలవు. పత్రికలో అందరి వాక్యమూ ఒకే మూసలోకి రావాలి. నవలలో అలా చేస్తే రచయిత గొంతు పోతుంది. సిద్దిపేట మాటతీరులో రాసిన నవల చేతికొచ్చినప్పుడు, అక్కడివాళ్లకు ఫోన్లు చేసి అడిగి తెలుసుకున్నాను. ఇప్పటికీ మొదటిసారి చదివేటప్పుడు పెన్ను పట్టను. రెండోసారి పాత్రల పేర్లు, వయసులు, ఊళ్లు, రచయిత వాడే క్రియారూపాలు ఒక కాగితం మీద రాసుకుంటాను. తర్వాత ఎక్కడ తేడా వచ్చినా ఆ కాగితమే పట్టిస్తుంది.

బర్కత్‌పుర డీటీపీ:
ఎడిటర్లకు ఫైలు సంగతి గూడ తెల్వాలె. పాత పుస్తకాలు ‘అను’ అనే పాత రకం తెలుగు ఫాంట్లల్ల ఉంటయి. ఇప్పుడు అంతట నడిచే యూనికోడ్‌లకు మార్చినంక కొన్ని ఒత్తులు గల్లంతయితయి. ఓసీఆర్ తీసిన, అంటే స్కాన్ బొమ్మను కంప్యూటరే చదివి అక్షరాలుగ మార్చిన పేజీలల్ల మ, య కలగలుస్తయి. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటలల్ల కండ్లకు కనిపించని ఒక గుర్తు ఉంటది, జడ్‌డబ్ల్యూఎన్‌జే అంటరు. ఒకచోట ఉండి ఇంకోచోట లేకుంటే, వెతికినప్పుడు కొన్ని దొరుకుతయి, కొన్ని తప్పించుకుంటయి. పేజీలు కట్టే ఇండిజైన్ సాఫ్ట్‌వేర్‌ల వరల్డ్-రెడీ కంపోజర్ అనే సెట్టింగు పెట్టకుంటే ఒత్తులు విడిపోయి కూసుంటయి.

చిక్కడపల్లి పాఠకురాలు:
అన్నా, దిద్దడం సాధన చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టను?

బర్కత్‌పుర డీటీపీ:
తెలుగు వికీపీడియాల దిద్దు చెల్లె. 2003 సంది ఉంది. నువ్వు చేసిన ప్రతి మార్పూ చరిత్రల కనిపిస్తది, నచ్చకుంటే ఎందుకో ఎవరో ఒకరు అడుగుతరు.

రిటైర్డ్ లెక్చరర్, విద్యానగర్:
బీఎస్సీని తక్కువ చేసుకోకమ్మా. వైద్యం, పర్యావరణం మీద తెలుగులో రాసేవాళ్లకు శాస్త్రం తెలిసిన ఎడిటరు దొరకడం ఎంత కష్టమో! 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి శాస్త్రాలవారీగా పారిభాషిక పదకోశాలు తెచ్చింది. అందులోని మాటలన్నీ నేటి పాఠకులకు మింగుడుపడవు. అయినా ఏది వదిలేయాలో తేల్చడానికైనా, ముందు ఏముందో తెలియాలి కదా. సుల్తాన్‌బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అనే గ్రంథాలయం ఉంది, ఆదివారం పాత పుస్తకాలు అమ్మే ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లు ఉన్నాయి. 1885 నాటి శబ్దరత్నాకరం నిఘంటువును ఇప్పుడు ఆంధ్రభారతి సైటులోనే వెతుక్కోవచ్చు. డెబ్బై దాటాక నేను మనవరాలి దగ్గర, కంప్యూటర్‌లో చేసిన ప్రతి దిద్దుబాటునూ గుర్తుపెట్టి చూపే ట్రాక్ ఛేంజెస్ నేర్చుకున్నాను. రచయితకు తెలియకుండా ఒక్క అక్షరమూ మారకపోవడం నాకు ఎంతో నచ్చింది.

నల్లకుంట వాసి:
సార్ మాటకు తోడు ఇంకొకటి. డబ్బు పేజీల లెక్కన మాట్లాడుకోకండి, ఫాంటు సైజు మారితే పేజీలూ మారతాయి. పదాల లెక్క మేలు. ఎన్ని విడతలు చూడాలో ముందే రాసుకోండి. ఒప్పుకునే ముందు ఒక అధ్యాయం నమూనాగా చేసివ్వండి.

చిక్కడపల్లి పాఠకురాలు:
మధుమేహం మీద పుస్తకం రాసిన ఒక డాక్టరుగారు అడిగారు. నమూనా అధ్యాయం చేసిస్తాను. సార్, వైద్యశాస్త్ర పదకోశం మా సిటీ సెంట్రల్ లైబ్రరీలో దొరుకుతుందా?

రిటైర్డ్ లెక్చరర్, విద్యానగర్:
అడిగి చూడమ్మా. లేకపోతే నా కాపీ ఉంది, వచ్చి తీసుకెళ్లు. అంచుల్లో నేను పెన్సిలుతో రాసుకున్నవి మాత్రం చెరపొద్దు.