"కోతకాలమువరకు": యజమాని వద్దన్నది ఎందుకు?

ప్రశ్న: మత్తయి 13లో యేసు చెప్పిన గురుగుల ఉపమానంలో, ఒక యజమాని గోధుమలు విత్తిన పొలంలో శత్రువు వచ్చి గురుగులు (గోధుమలాగే కనబడే కలుపు) విత్తుతాడు. దాసులు వాటిని పెరికేస్తామంటే, 30వ వచనంలో యజమాని "కోతకాలమువరకు రెంటిని కలిసి యెదుగనియ్యుడి" అంటాడు. మా కోనసీమలో కలుపు తీయకుండా వదిలేసిన చేనును చూస్తే ఊరంతా ఆ రైతునే అంటారు. మరి ఈయన ఎందుకు వద్దన్నాడండి? ఇది కృపా, లేక తీర్పును వాయిదా వేయడమా?

జవాబు: ముందు 26వ వచనం చూడండి. "మొలకలు పెరిగి గింజపట్టినప్పుడు గురుగులు కూడ అగపడెను" అని ఉంది. అంటే కలుపు తీసే అదను దాటిపోయాకే దాసులకు సంగతి తెలిసింది. మన దగ్గర నాట్లు పడిన మూడు నాలుగు వారాలకే కలుపుకి దిగుతారు. ఇక్కడ చేను అప్పటికే ఈనింది.

మన డెల్టాలో గురుగులు ఎలా ఉంటాయో చూపించమంటే నేను వరిలో పెరిగే ఊద గడ్డిని చూపిస్తాను. నారుమడిలో వరితోనే మొలుస్తుంది, నారు కట్టలో కలిసి వస్తుంది, నాటేటప్పుడు అదే కుదుట్లో పడుతుంది. చెయ్యి తిరిగిన ఆడకూలీలు లేతప్పుడే పట్టేస్తారు. వరిలో ఆకు కాండాన్ని పట్టుకునే చోట పల్చటి పొర ఉంటుంది, ఊదకు ఉండదు. మిగతావాళ్లకు కంకి వేసేదాకా తేడా తెలియదు. అప్పటికి వేళ్లు పెనవేసుకుపోతాయి, ఊదను లాగితే పక్కనున్న వరి దుబ్బు కూడా కదిలి వస్తుంది. పాలస్తీనా గోధుమ చేలలో గురుగులదీ ఇదే తీరు. పైగా వాటి గింజలు పిండిలో కలిస్తే తలతిరుగుడు, వాంతులు. అందుకే యజమాని వాటిని తేలిగ్గా తీసుకోలేదు, "ఇది శత్రువు చేసిన పని" అన్నాడు.

వద్దనడానికి కారణం కూడా ఆయనే చెప్పాడు. గురుగులు పెరుకుతూ గోధుమలను కూడా పెల్లగిస్తారేమోనని. దాసుల కోపమంతా గురుగుల మీద, ఆయన దిగులంతా గోధుమల మీద. చేను శుభ్రంగా కనబడాలని ఒక్క గోధుమ మొక్కను పోగొట్టుకోవడానికైనా ఆయన ఒప్పుకోలేదు. కృప నాకు మొదట అక్కడే కనబడుతుంది.

ఫలానావాడు నకిలీ విశ్వాసి అని తేల్చి సంఘంలోంచి నెట్టేస్తే, వాడి భార్యాపిల్లలు, వాడి మాట మీద గుడికి రావడం మొదలుపెట్టిన పక్కింటివాళ్లు కూడా మానేస్తారు. (38వ వచనంలో "పొలము లోకము" అని ఉన్న మాట నిజమే. సంఘంలో తప్పు దిద్దడానికి మత్తయి 18వ అధ్యాయం వేరే ఉంది. అక్కడ కూడా మొదట చేయాల్సింది ఆ మనిషి దగ్గరికి ఒంటరిగా వెళ్లి మాట్లాడటం.)

అలాగని తీర్పును మెత్తబరచకూడదండి. సార్వా (ఖరీఫ్) చేను పండాక కోత ఆలస్యమైతే నవంబరు, డిసెంబరు తుఫానులతో ఎంత టెన్షనో డెల్టా రైతుకు తెలుసు. ఏ రైతూ అలా చూస్తూ కూర్చోడు. ఈ యజమాని కూడా కోతగాండ్రతో ముందుగా గురుగులను కట్టలు కట్టమన్నాడు, కాల్చడానికి. ఇప్పుడు కోత మిషన్ ఊద కంకుల్నీ వరి కంకుల్నీ కలిపి లాగేస్తోంది, వేరు చేయడం తర్వాత పని. కొడవలి కోతలో మనిషి ఒక్కో మొక్కనూ చూసి కోస్తాడు. ఉపమానంలో ఆ పని కోతగాండ్రది, అంటే దేవదూతలది, దాసులకు అప్పగించలేదు. నాకు ఇది చాలా ఊరట. ఎవరు గోధుమో ఎవరు గురుగో తేల్చే బరువు నా నెత్తిన లేదు.

మరో సభ్యురాలు: బాగుందండి. కానీ ఊదను ఎన్నాళ్లు ఉంచినా అది వరి కాదు కదా. మరి మారుమనస్సుకు చోటెక్కడ?

జవాబు: సరైన చోటే పట్టుకున్నారమ్మా. ఈ ఉపమానం కోసేది ఎవరు, ఎప్పుడు అన్నంతవరకే చెబుతుంది, మొక్క మారుతుందా అన్న సంగతి దీనిలో వెతకకూడదు. దానికి 2 పేతురు 3:9 చూడాలి. ఎవడూ నశించకూడదని, అందరూ మారుమనస్సు పొందాలని ఆయన దీర్ఘశాంతంతో ఉన్నాడని అక్కడ సూటిగా ఉంది. యేసు శిష్యుడైన స్తెఫనును రాళ్లతో కొట్టి చంపిన రోజు, తర్వాత అపొస్తలుడైన పౌలుగా మారిన సౌలును చూసినవాళ్లెవరైనా గురుగు అనే అనేవారు. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం కూడా దీని పక్కన పెట్టుకుని చదవండి. సౌలు దగ్గరికి వెళ్లమని ప్రభువే చెప్పినా దమస్కులోని శిష్యుడు అననీయ మొదట, ఈ మనిషి యెరూషలేములో పరిశుద్ధులకు ఎంత కీడు చేశాడో విన్నానని అడ్డు చెప్పాడు. తర్వాత వెళ్లాడు. వెళ్లి పిలిచిన మొదటి పిలుపు "సౌలా, సహోదరుడా".