సాకెట్ ఎంత కరెంటు ఇవ్వగలదో కారుకు ఎలా తెలుస్తుంది?

విద్యుత్ కారును ఇంట్లో ఛార్జ్ చేసే విషయంలో నాకున్న సందేహాన్ని తెలిసినవారు తీర్చగలరని ఆశిస్తున్నాను.

నేను అర్థం చేసుకున్నంతవరకు అసలు ఛార్జర్ కారులోనే ఉంటుంది. కేబుల్ మధ్యనున్న పెట్టె (దాన్నే ఛార్జర్ అని పిలవడం మనకు అలవాటైపోయింది) పైలట్ తీగ (పెట్టెకూ కారుకూ మధ్య సంకేతాలు చేరవేసే తీగ) గుండా 1 కిలోహెర్ట్జ్ పల్స్ సంకేతం పంపి, ఆ పల్స్ వెడల్పును బట్టి గరిష్ఠంగా ఎన్ని ఆంపియర్లు తీసుకోవచ్చో కారుకు తెలియజేస్తుంది. ఒక్కో పల్స్ చక్రంలో ఆ వెడల్పు 10 శాతమైతే 6 ఆంపియర్లు, దాదాపు 27 శాతమైతే 16 ఆంపియర్లు అని లెక్క. అయితే గోడలోని తీగ మందం గానీ, ఎంసీబీ (కరెంటు మితిమీరితే లైనును ఆపేసే స్విచ్) సామర్థ్యం గానీ, అదే లైనుపై నడుస్తున్న వాటర్ హీటరు గానీ ఆ పెట్టెకు కనిపించవు కదా!

మా ఇంట్లో 16 ఆంపియర్ల వద్ద ఛార్జ్ చేసినప్పుడు 230 వోల్టులుండే వోల్టేజీ 208కి పడిపోయి, ప్లగ్గు చేయి పెట్టలేనంతగా వేడెక్కింది. నేనే 10 ఆంపియర్లకు తగ్గించాక సర్దుకుంది. సమయం మాత్రం బాగా పెరిగింది.

వోల్టేజీ పడిపోవడాన్ని గమనించి కరెంటును తనంతట తానే తగ్గించుకునే ఏర్పాటు కార్లలో సాధారణంగా ఉంటుందా, లేక ప్లగ్గులో ఉష్ణోగ్రత సెన్సరున్న కేబుల్‌నే కొనుక్కోవాలా? ఇంటి మొత్తం వాడకాన్ని కొలిచి ఛార్జింగ్‌ను సర్దే గోడ పెట్టె అమర్చుకున్నవారు, అది హీటరు వేసిన ఎన్ని క్షణాల్లో స్పందిస్తుందో కూడా దయచేసి తెలుపగలరు.