బెంగళూరు నుంచి హైదరాబాద్ మారాలా? అమ్మాయి ఎనిమిదో తరగతి, లెక్క తేలట్లేదు

హిందూపురం కోడలు:

నమస్తే అండీ. పదకొండేళ్లుగా బెంగళూరులో ఉంటున్నాం, రామమూర్తి నగర్ వైపు. మావారిని ఆఫీసువాళ్లు హైదరాబాద్ మారమంటున్నారు, రాయదుర్గం దగ్గర. జీతం మాత్రం అదే. నెలాఖరులోగా చెప్పాలి. ఆయనేమో "మన తెలుగు ఊరే కదా" అని అప్పుడే అట్టపెట్టెలు వెతుకుతున్నారు. నేను పాత క్యాలెండర్ కాగితం వెనక లెక్కలు వేస్తున్నా.

ఇక్కడ అద్దె 26 వేలు, మెయింటెనెన్స్ 3 వేలు. అడ్వాన్సు లక్షా ఎనభై వేలు ఓనరు దగ్గరుంది. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల అద్దె కోసేస్తాడు. అది అగ్రిమెంట్లోనే రాసుకున్నాడు, ఏం అనలేం. మియాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్ 22 వేలకు చూశాం, మెయింటెనెన్స్ రెండున్నర, అడ్వాన్సు రెండు నెలలే. అంటే నెలకు నాలుగున్నర వేలు మిగలాలి. నిజంగా మిగులుతాయా అన్నదే నా అనుమానం.

ఎందుకంటే ఇక్కడ మాకు కరెంటు బిల్లు సున్నా. గృహజ్యోతి అని ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం ఉంది, మాకు 200 యూనిట్లలోపే సరిపోతుంది. ఏసీ లేదు, ఏప్రిల్‌లో కూడా ఫ్యాన్ మూడు మీద పెడితే అమ్మాయి దుప్పటి అడుగుతుంది. అక్కడ అట్లా కుదరదు కదా.

ఇంకొకటి. అత్తయ్య హిందూపురంలో ఒక్కరే ఉంటారు, 74 ఏళ్లు, మోకాళ్లు పట్టేశాయి. ఇప్పుడైతే శనివారం పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే పదకొండుకల్లా ఆమె వంటింట్లో ఉంటాను. హైదరాబాద్ నుంచైతే రాత్రి రైలెక్కాలి. తెలుగు రాష్ట్రానికి పోతున్నామనే గానీ మా తెలుగు ఊరికి దూరమైపోతున్నాం. ఈ మాట మావారికి చెబితే నవ్వుతారు.

ఇట్లా మారినవాళ్లెవరైనా ఉంటే చెప్పండి. కారు కేఏ నంబరు, దాని సంగతేంటి? స్కూలు మార్పుతో ఏమైనా చిక్కులుంటాయా?

మియాపూర్ బాబాయ్:

అమ్మా, నీ అనుమానం నిజమే. తెలంగాణలో కూడా గృహజ్యోతి ఉంది గానీ తెల్లకార్డు ఉన్నవాళ్లకే. మీకు రాదు. పైగా నెలకు 200 యూనిట్లు దాటితే మొదటి యూనిట్ నుంచే రేటు మారిపోతుంది. మా ఇంట్లో రెండు ఏసీలు, మే నెలలో 500 యూనిట్లు వచ్చాయి అనుకో. మొదటి 200కి 5.10 చొప్పున, తర్వాతి వందకి 7.70, ఆ పై వందకి 9, చివరి వందకి 9.50. మొత్తం 3,640 రూపాయలు. ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. అయితే ఇది ఏడాది పొడుగునా కాదు, మార్చి నుంచి జూన్ మొదటి వారం దాకా. తర్వాత మామూలే.

మియాపూర్‌లో మెట్రో ఉంది కదా అని అద్దెకు దిగేరు, జాగ్రత్త. రాయదుర్గం పోవాలంటే అమీర్‌పేట దాకా వెళ్లి, మారి, మళ్లీ వెనక్కి రావాలి. మ్యాప్‌లో చూస్తే పక్కనే ఉన్నట్టుంటుంది. మా అబ్బాయి రెండు నెలలు అట్లా తిరిగి, చివరికి బండి మీద కొండాపూర్ మీదుగా పోవడం మొదలుపెట్టాడు. వానొస్తే ఆ రోడ్డు గురించి అడగొద్దు.

కేఏ టు టీజీ:

మేం నాలుగేళ్ల కిందట మారాం. కారు గురించి చెబుతా, దీంట్లో నేను పీహెచ్‌డీ చేశాను.

ఏడాది దాటి ఉండేటట్టయితే ఇక్కడి నంబరు తీసుకోవాల్సిందే. ముందు బెంగళూరులో మీ కారు రిజిస్టరైన ఆఫీసు నుంచి అభ్యంతరం లేదన్న పత్రం, అదే ఎన్‌వోసీ, ఫారం 28 మీద. లోను ఉంటే బ్యాంకు కాగితం కూడా. ఛాసిస్ నంబరు మీద తెల్ల కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ముద్ర తీసి అతికించాలి. నేను బానెట్‌లో తల దూర్చి అరగంట రుద్దితే '8' కాస్తా '3'లా వచ్చింది. కౌంటర్లో తిప్పి పంపారు. ముందు ఆ నంబరు మీద దుమ్ము గుడ్డతో తుడవండి, మెత్తటి పెన్సిల్ వాడండి.

తర్వాత ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, కారు వయసును బట్టి తగ్గించి వేస్తారు. కర్ణాటకలో కట్టినదాంట్లో మిగిలిన ఏళ్లకు డబ్బు వెనక్కి వస్తుంది, కానీ ఇక్కడి కొత్త ఆర్‌సీ చూపించి అక్కడ అడగాలి. నాకు 14 నెలలు పట్టింది, మూడుసార్లు తిరిగాను. కాబట్టి ఆ డబ్బు వస్తుందని బడ్జెట్‌లో రాసుకోకండి. కారు పదేళ్లదైతే అక్కడే అమ్మేసి రావడం నయం.

గ్యాస్ కూడా సిలిండరు, రెగ్యులేటరు అప్పగించి టెర్మినేషన్ వోచర్ తీసుకోండి. అది మాత్రం ఒక్క పూట పని.

ఇంటర్ లెక్చరర్:

కరెంటు, కారు తర్వాత చూసుకోవచ్చమ్మా. మీరు పోస్టులో ఒక్క ముక్కలో తేల్చేసిన స్కూలు సంగతే అన్నిటికంటే పెద్దది. అమ్మాయి ఎనిమిదో తరగతి కదా? అయితే మీకు ఈ జూనే గడువు.

తెలంగాణలో ఇంజనీరింగ్, మెడికల్ కన్వీనర్ సీట్లలో, అంటే ప్రభుత్వ కౌన్సెలింగ్ ద్వారా ఇచ్చేవాటిలో, 85 శాతం లోకల్ పిల్లలకి. లోకల్ అవ్వాలంటే ఇంటర్ రెండో ఏడాది నుంచి వెనక్కి వరసగా నాలుగేళ్లు ఇక్కడే చదివి ఉండాలి. అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు. మెడికల్ సీట్ల విషయంలో దీని మీద కోర్టుకెళ్తే 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నాలుగేళ్ల నిబంధననే సమర్థించింది. మీరు ఈ జూన్‌లో తొమ్మిదిలో చేర్పిస్తే సరిగ్గా సరిపోతుంది. "ఒక ఏడాది ఆగి వద్దాం" అనుకుంటే పోయినట్టే.

ఇంకో వైపు కూడా చూడండి. కర్ణాటక ప్రవేశ పరీక్ష సీఈటీకి ఏడేళ్లు అక్కడ చదివి, పది గానీ రెండో పీయూసీ (మన ఇంటర్ రెండో ఏడాది) గానీ అక్కడే పాసవ్వాలి. మీ అమ్మాయికి ఏడేళ్లు ఎప్పుడో అయిపోయుంటాయి. పదో తరగతి అక్కడే పాసైతే ఆ హక్కు చేతిలో ఉంటుంది. ఇప్పుడు కదిలితే అది పోతుంది, ఇది వస్తుంది. పదయ్యాక కదిలితే కర్ణాటక ఉంటుంది, తెలంగాణ ఉండదు. నన్నడిగితే తొమ్మిదిలో అయినా రండి, లేకపోతే పీయూసీ దాకా కదలకండి. మధ్యలో పదోది సగంలో లాక్కురావడం మాత్రం వద్దు. అట్లా వచ్చిన పిల్లల్ని ఏటా చూస్తూనే ఉన్నాను.

తెలుగు కూడా ఇక్కడ స్కూళ్లలో తప్పనిసరి, సీబీఎస్‌ఈ అయినా సరే. అమ్మాయికి చదవడం వచ్చా?

హిందూపురం కోడలు:

సార్, చాలా థ్యాంక్స్. ఈ నాలుగేళ్ల లెక్క మాకు ఒక్కరూ చెప్పలేదు. మావారికి చదివి వినిపిస్తే ఆయన నవ్వు ఆగిపోయింది.

తెలుగు గురించి అడిగారు కదా, రాత్రి పరీక్ష పెట్టాను. ఇంట్లో తెలుగే గానీ బడిలో దానికి కన్నడం. అత్తయ్య పంపిన ఊరగాయ జాడీకి చుట్టిన పేపరు ముక్క ఇచ్చి చదవమన్నా. అక్షరాలు దాదాపు ఒకటే కదా, మెల్లగా కూడబలుక్కుని రెండు వాక్యాలు చదివేసింది. "తలకట్టు టిక్కు మార్కులా ఉందేంటమ్మా, అన్నీ కరెక్టే అన్నట్టు" అంది. చదవడం ఫర్వాలేదు. రాయడమే, సగం కన్నడ తలకట్లు పడుతున్నాయి.

నా కాగితం మీద ఇప్పుడు నెలకు మిగులు నాలుగున్నర వేల నుంచి రెండున్నర వేలకు వచ్చింది, కరెంటు ఏడాది సగటు తీసేశాక. అత్తయ్య దగ్గరికి నెలకు రెండుసార్లు మా అందరి రైలు టికెట్లు వేస్తే అదీ ఉండదు. డబ్బు కోసమైతే మారడం దండగ. వెళ్తే అమ్మాయి చదువు కోసమే వెళ్లాలి. అందుకే మావారిని ఆఫీసులో అడగమన్నా, నెలలో ఒక వారం ఇంటి నుంచి పని ఇస్తే ఆ వారం హిందూపురంలో ఉంటారు. వాళ్లు ఒప్పుకుంటే వెళ్తాం, లేకపోతే పీయూసీ దాకా ఇక్కడే.

ఒక్కటి చెప్పండి సార్, తొమ్మిదికి సీటు ఏప్రిల్‌లో వచ్చి చూసుకోవచ్చా?

ఇంటర్ లెక్చరర్:

ఏప్రిల్ దాకా ఆగకండి, ఫిబ్రవరిలోనే ఒకసారి వచ్చి మాట్లాడుకోండి. తొమ్మిదిలో కొత్తవాళ్లను తీసుకునే స్కూళ్లు తక్కువ. టీసీ వేరే రాష్ట్రానిది కాబట్టి దాని మీద అక్కడి బీఈవో (బ్లాక్ విద్యాధికారి) కౌంటర్ సంతకం అడుగుతారు. సెలవులివ్వకముందే ఆ సంతకం పెట్టించుకోండి, మే నెలలో ఆ సీట్లో మనిషి దొరకరు.