బార్క్‌హౌజన్ నాయిజ్‌తో గ్రైండింగ్ బర్న్ పట్టడం: రీడింగ్‌ని ఎంతవరకు నమ్మాలి?

రేణిగుంట_గేర్లు: కార్బురైజ్ చేసి (పైపొరకి కార్బన్ ఎక్కించి గట్టిపరిచి) గ్రైండ్ చేసిన గేర్లు, గట్టిదనం 58–62 హెచ్‌ఆర్‌సీ (రాక్‌వెల్ సి స్కేలు). ఒకే బ్యాచ్‌లో కొన్ని పళ్లకి నాయిజ్ రీడింగ్ ఎక్కువ చూపిస్తోంది. బర్న్ (గ్రైండింగ్ వేడికి పైపొర చెడిపోవడం) అయిందనుకోవాలా, గట్టిదనం తగ్గిందనుకోవాలా?

ఏర్పేడు_లోహశాస్త్రం: రెండూ అయ్యుండొచ్చు సార్, చిక్కంతా అక్కడే. అయస్కాంత క్షేత్రం మారేటప్పుడు డొమైన్ల (ఉక్కులో ఒకే దిశలో అయస్కాంతమైన చిన్న ప్రాంతాల) గోడలు డిస్‌లొకేషన్లు (స్ఫటికంలోని లోపాలు), కార్బైడ్ల దగ్గర ఇరుక్కుని ఒక్కసారిగా దూకుతాయి. ప్రోబ్ కాయిల్‌కి అందే బార్క్‌హౌజన్ నాయిజ్ అదే. ఉక్కు మెత్తబడితే రీడింగ్ పెరుగుతుంది, టెన్సైల్ (లాగే) ఒత్తిడి ఉన్నా పెరుగుతుంది. కంప్రెసివ్ (నొక్కే) ఒత్తిడి అయితే తగ్గుతుంది. టెంపర్ బర్న్‌లో (వేడికి పైపొర మెత్తబడటం) మెత్తదనం, టెన్సైల్ ఒత్తిడి రెండూ కలిసొస్తాయి కాబట్టి రీడింగ్ బాగా లేస్తుంది.

అసలు భయపడాల్సింది రీహార్డెనింగ్ బర్న్‌కి (మరీ వేడెక్కిన పైపొర చల్లారి మళ్లీ గట్టిపడటం). పైన గట్టి తెల్ల పొర ఏర్పడి అక్కడ రీడింగ్ పడిపోతుంది, దాని చుట్టూ టెంపర్ అయిన చోట లేస్తుంది. పై హద్దు ఒక్కటే పెట్టుకుంటే అన్నిటికన్నా చెడ్డ ముక్కే పాసైపోతుంది! కింది హద్దు కూడా పెట్టండి. ప్రోబ్‌ని ఒక్కచోట ఆనించి తీసేయకుండా పంటి పొడవునా లాగండి.

చిత్తూరు_ఎన్‌డీటీ: లోతు కూడా చూసుకోండి. సాపేక్ష పారగమ్యత (ఉక్కు అయస్కాంత క్షేత్రాన్ని ఎంత సులువుగా పోనిస్తుందో చెప్పే అంకె) 100 అనుకుంటే 100 కిలోహెర్ట్జ్ దగ్గర స్కిన్ డెప్త్ (సిగ్నల్ అందే లోతు) సుమారు 0.08 మిల్లీమీటర్లు, 10 కిలోహెర్ట్జ్ దగ్గర 0.25. మామూలుగా వాడే 70–200 కిలోహెర్ట్జ్ బ్యాండ్‌లో పై పొర సంగతే తెలుస్తుంది, కేస్ డెప్త్ (కార్బన్ ఎక్కిన గట్టి పొర మందం) తెలియదు.

ప్రోబ్ ముఖం పంటి వంపుకి సరిపోకపోతే మధ్యలో గాలి సందు మిగిలి రీడింగ్ తగ్గుతుంది, బర్న్ అయిన పన్ను కూడా మంచిదిలా కనిపిస్తుంది. మాగ్నెటిక్ చక్ మీద పెట్టినవి, ఎంపీఐ (అయస్కాంత పొడితో పగుళ్లు వెతికే పరీక్ష) చేసినవి డీమాగ్నెటైజ్ చేశాకే కొలవండి. మన వైపు మే నెలలో షెడ్డు ఎంత కాగుతుందో తెలిసిందే. మాస్టర్ పీస్ (పోల్చడానికి ఉంచుకున్న ముక్క) ఏసీ గదిలో, గేరు షెడ్డులో ఉంచి పోల్చకూడదు. రెండూ ఒకే బల్ల మీద ఒకే వేడికి రానివ్వండి.

రేణిగుంట_గేర్లు: కాలిబ్రేషన్ ఎలా?

ఏర్పేడు_లోహశాస్త్రం: అదే గ్రేడు, అదే హీట్ ట్రీట్‌మెంట్, అదే గ్రైండింగ్‌తో ఒక పట్టీ చేయించండి. స్ట్రెయిన్ గేజ్ (సాగుదల కొలిచే రేకు) అంటించి నాలుగు పాయింట్ల బెండింగ్‌లో వంచండి. 500 మైక్రోస్ట్రెయిన్ అంటే ఉక్కులో దాదాపు 100 మెగాపాస్కల్. యీల్డ్ (శాశ్వతంగా వంగిపోయే హద్దు) దాటకుండా టెన్షన్, కంప్రెషన్ రెండు వైపులా గ్రాఫ్ గీయండి. గట్టిదనం కోసం వేర్వేరు ఉష్ణోగ్రతల్లో టెంపర్ చేసిన ముక్కలు విడిగా కావాలి. గ్రేడు మారితే ఈ గ్రాఫ్ చెల్లదు.

చిత్తూరు_ఎన్‌డీటీ: నైటాల్‌ని (బర్న్ మచ్చల్ని బయటపెట్టే నైట్రిక్ ఆమ్లం, ఆల్కహాల్ ద్రావణం) ఇప్పుడే మానేయొద్దన్నా. హద్దులు కుదిరేదాకా ప్రతి బ్యాచ్‌లో రీడింగ్ ఎక్కువ వచ్చినది, తక్కువ వచ్చినది, మధ్యరకం ఒకటి తీసి నైటాల్‌తో ఎచింగ్ చేయండి. అనుమానం ఉన్న పన్నుకి ఎక్స్-రే డిఫ్రాక్షన్‌తో ఒత్తిడి కొలిపించి, ఆ తర్వాతే కోసి మైక్రోహార్డ్‌నెస్ చూడండి. ముందే కోస్తే ఒత్తిడి సడలిపోతుంది, ఇక ఆ అంకె దేనికీ పనికిరాదు.