పాత రంపానికి పళ్ళన్నీ మళ్ళీ తీర్చాలా, ఉన్నవాటికే పదును పెడితే చాలా?

అమలాపురం చెక్కపని:
26 అంగుళాల పాత చేతిరంపం, అంగుళానికి 7 మొనలు. పిడి దగ్గరా కొసనా పళ్ళు ఎత్తుగానే ఉన్నాయి. నడుమ అరిగి పల్లమైంది, అక్కడే రెండు పళ్ళు విరిగాయి. టేకుకీ కొబ్బరి దూలానికీ ఇదే వాడాలి. అన్నీ ఒకే ఎత్తుకు మట్టం చేసి, ఆకారం తీర్చమంటున్నారు కొందరు, ఆకురాయి పట్టి వదిలెయ్యమంటున్నారు ఇంకొందరు. ఏది సరైన పని అండీ?

చిత్రిక:
మట్టం చెయ్యకుండా పదునేంటండీ. ఎత్తు పళ్ళే చెక్కను తాకుతాయి. పొట్టి పంటిని ఎంత నూరినా దానికి పని తగలదు. రంపం ఎగిరెగిరి పడేది కూడా అందుకే.

బల్లపరుపు ఆకురాయిని గాడి తీసిన చెక్కముక్కలో బిగించి, రేకుకు సరిగ్గా అడ్డంగా ఆనేలా పట్టుకుని, పిడి నుంచి కొస దాకా రెండు మూడు సార్లు నడపండి. వెలుతురుకు ఎదురుగా కూర్చుంటే అరిగిన మొనలమీద తెల్లటి మెరుపు కనిపిస్తుంది. తర్వాత మూడు పలకల ఆకురాయిని పళ్ళ సందులో దింపి, అడ్డంగా ముందుకే తొయ్యాలి. వెనక్కి లాగేటప్పుడు పైకెత్తాలి. ఆ మెరుపులో సగం ఈ సందు నుంచి, మిగతా సగం పక్క సందు నుంచి పోవాలి. మెరుపు పోయిన క్షణం ఆపెయ్యండి. ఇంకో తోపు తోస్తే ఆ పన్ను మళ్ళీ పొట్టిదే.

కాలవగట్టు:
మట్టం చెయ్యడం ఒప్పుకుంటాను, 'అన్నీ' అన్న మాట దగ్గరే పేచీ. విరిగిన పంటి లోతు దాకా మిగతా పళ్ళన్నిటినీ దించితే పంటిలో సగం ఎత్తు, దానితో పాటు రంపం ఆయుష్షు ఒక్క పూటలో పోతాయి. విరిగిన రెంటినీ వదిలెయ్యండి. నూటయాభై పైచిలుకు పళ్ళలో రెండు లేకపోతే కోతకు లోటేమీ లేదు. నాలుగైదు సార్లు పదును పెట్టేసరికి మిగతావి దిగి వీటి సరసకు వస్తాయి.

నడుమ పల్లం వేరే సంగతి, దాన్ని వదలకూడదు. కానీ ఒక్కసారే లాగొద్దు. కాస్త మట్టం, కాస్త తీర్చడం, మళ్ళీ మట్టం. ఒకేసారి దించితే మొనల మీద మెరుపు వెడల్పై సగం ఎక్కడో తెలియదు. అక్కడే పళ్ళు ఒకటి లావు, ఒకటి సన్నం అవుతాయి.

బాడిస:
వీటన్నిటికంటే ముందు అసలు ఆ రంపానికి ఆకురాయి ఎక్కుతుందో లేదో చూసుకోండి. పంటి కొసలు మాత్రం నీలినలుపుగా ఉంటే అవి గట్టిపరిచినవి, ఆకురాయి జారిపోతుంది, పోయేది ఆకురాయి పదునే. పాత రంపాల్లో ఈ బాధ తక్కువ.

ఇంకోటి, పళ్ళు బిగింపు చెక్కల పైకి పావు అంగుళానికి మించి లేవకూడదు. ఎక్కువ లేస్తే రేకు వణికి కీచుమంటుంది. ఆ కీచు చెవికే కాదు, ఆకురాయికీ చేటు. సుద్ద రాస్తే పొడి ఇరుక్కోదు. పంటి ఎత్తు ఆకురాయి పలకలో సగానికి లోపే ఉండాలి, అప్పుడే మూడు అంచులూ విడివిడిగా పనికొస్తాయి. 7 మొనలకు 7 అంగుళాల సన్నరకం సరిపోతుంది.

లంకల వడ్రంగి:
కొబ్బరి సంగతి ఎవరూ ఎత్తలేదే! బెరడు వైపు చెక్క ఘనమీటరుకు 600 కిలోలు దాటుతుంది, నడిమి గుజ్జు 400 లోపే. ఒకే కోతలో రెండూ తగులుతాయి. పైన నల్ల పోగులు పళ్ళను త్వరగా మొద్దుచేస్తాయి, లోపల తడి పొట్టు సందుల్లో ఇరుక్కుంటుంది. టేకుకు సరిపోయే వంపు, అంటే పళ్ళను ఒకటి అటూ ఒకటి ఇటూ వంచడం, దీనికి చాలదు. రేకు మందం 0.9 మి.మీ. అయితే ఎండు టేకుకు 1.15 మి.మీ. వెడల్పు కోత గాడి చాలు, పచ్చి కొబ్బరికి 1.3 దాకా కావాలి. 1.4 దాటిస్తే మాత్రం పిడి పట్టినవాడి చెయ్యి పోతుంది, కోతా వంకరపోతుంది.

అమలాపురం చెక్కపని:
మరి వంచడం ముందా, పదును ముందా? పైగా రెండు చెక్కలకూ ఒకటే రంపం కదా.

కాలవగట్టు:
తీర్చాక వంచండి, చివర్న పదును. పదును పెట్టాక వంచితే మొన దెబ్బతింటుంది. ఒకటి విడిచి ఒకటి అటు వంచి, రంపం తిప్పి మిగతావి ఇటు. పంటి పై సగమే వంగాలి. సందు మొదలు దగ్గర వంచితే అక్కడే చీలిక మొదలవుతుంది. ఇదివరకు వంగివున్న వైపు చూసుకుని అటే వంచాలి. ఎదురు వైపుకు తిప్పారంటే టక్కున విరుగుతుంది, మూడో పన్నూ పోయినట్టే.

చిత్రిక:
ఒకటే రంపమంటే నాకు నచ్చదు, అయినా చెప్తా. పీచు వెంట కోతకు పంటి ముందు అంచు నిలువుకు దగ్గరగా, ఆకురాయి తిన్నగా అడ్డంగా. అడ్డకోతకు అంచు 15 డిగ్రీలు వెనక్కి, ఆకురాయి 20 డిగ్రీల వాటంగా. రెండూ ఒకదానితోనే అంటే చెరో 10 డిగ్రీలు పెట్టండి. దేనికీ మేటి కాదు గానీ దేనికీ మొరాయించదు. ఆకురాయి కొసకు చిన్న చెక్కముక్క గుచ్చి, దాన్ని నేలకు సమంగా ఉంచుకుంటే కోణం చెయ్యి తప్పదు.

లంకల వడ్రంగి:
10 డిగ్రీల వాటంతో కొబ్బరి అడ్డకోత కోస్తే అడుగు వైపు పోగులు లేస్తాయి అన్నా. కొబ్బరి పనే ఎక్కువైతే 20 దగ్గర పెట్టించు. టేకు నిలువుకోత ఆలస్యమైనా చీలదు.

చిత్రిక:
అదీ నిజమే. అయితే పని ఏది ఎక్కువో అమలాపురం ఆయనే చెప్పాలి.

బాడిస:
ఏది పెట్టినా, గీత మీద కోసి చూడండి. రంపం ఒక పక్కకు లాగుతుంటే ఆ పక్క పళ్ళు ఎక్కువ వంగినట్టు. సన్నని సానరాయిని ఆ పక్కన పళ్ళకు ఆనించి, పిడి నుంచి కొసకు ఒక్కసారి తేలిగ్గా లాగి, మళ్ళీ కోసి చూడాలి. చాలకపోతే ఇంకోసారి. ఆఖర్న రేకు తుడిచి పల్చగా నూనె రాసి తగిలించండి, మన గాలికి రెండు రోజుల్లో తుప్పు పొరెక్కుతుంది.